పిల్లల డాక్టరు పోస్టు నిండితే సరిపోతుందా? సరిహద్దు తాలూకాల లెక్క

‘మా దవాఖానలో పిల్లల డాక్టరు లేరు’ అనే ఫిర్యాదు, తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలోనైనా, ఒడిశాలోని రాయగడ జిల్లా గునుపురంలోనైనా, మల్కన్‌గిరి జిల్లా కొసన సీలేరు, శబరి నదులు కలిసే మోటులోనైనా ఇంచుమించు ఒకే మాటల్లో వినిపిస్తుంది గానీ, దాని వెనుక ఉన్న పరిస్థితి అన్నిచోట్లా ఒకటి కాదు. ఒకచోట ఆ ఆసుపత్రికి పిల్లల వైద్యుల పోస్టే మంజూరై ఉండదు. మరొకచోట పోస్టు ఉంటుంది, ప్రకటన ఇచ్చిన ప్రతిసారీ ఎవరూ చేరక అది ఖాళీగానే మిగులుతుంది. ఇంకొకచోట కాగితం మీద పోస్టు నిండే ఉంటుంది, ఆ వైద్యులు మాత్రం డిప్యుటేషన్‌ మీద జిల్లా కేంద్రంలో పనిచేస్తుంటారు. మొదటిది మంజూరుకు సంబంధించిన చిక్కు, రెండోది ఉద్యోగం ఆకర్షించకపోవడం వల్ల వచ్చిన చిక్కు, మూడోది పాలనకు సంబంధించినది. ఏ చిక్కుకు ఏ మందు అన్నది తేలకుండానే చర్చ సాధారణంగా ‘డాక్టర్లు పల్లెలకు రారు’ అనే దగ్గర ఆగిపోతుంది.

లెక్కల్లోనూ ఇదే గందరగోళం ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ వెలువరించిన 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పిల్లల వైద్యుల కొరత దేశవ్యాప్తంగా సుమారు 80 శాతం. ఇది నిబంధనల ప్రకారం ఎంతమంది ఉండాలో దానితో పోల్చి చెప్పిన కొరత, మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయన్న లెక్క వేరు. పోస్టులే తక్కువ మంజూరు చేసిన రాష్ట్రం ఖాళీల పట్టికలో చక్కగా కనిపిస్తుంది, కొరత పట్టికలో బయటపడుతుంది. రెండు రాష్ట్రాలను పోల్చి రాసే వార్త చదివేటప్పుడు అందులోని అంకె ఏ పట్టికదో ముందు చూసుకోవాలి.

పిల్లల వైద్యులు కావడానికి పట్టే దారి

ఎంబీబీఎస్‌కు నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌. ఆ తరువాత నీట్‌ పీజీ ప్రవేశ పరీక్ష రాసి, సీటు వస్తే పిల్లల వైద్యంలో మూడేళ్ల ఎండీ గానీ దానికి సమానమైన డీఎన్‌బీ గానీ చేయాలి. నవజాత శిశువుల చికిత్సలోనే నైపుణ్యం కావాలనుకుంటే డీఎం పేరుతో ఇంకో మూడేళ్లు. పరీక్షకు ఒకటి రెండేళ్లు ఇంట్లో కూర్చుని చదివే వారిని కూడా కలుపుకుంటే, ఎండీ చేతికొచ్చేసరికి చాలామందికి ముప్పై దగ్గరపడుతుంది. పెళ్లి, పిల్లల చదువు, అప్పు తీర్చడం, ఊరు ఎంచుకోవడం అన్నీ ఒకేసారి మీద పడే వయసు అది.

దీనికంటే పొట్టి దారి ఒకటి ఉండేది. డీసీహెచ్‌ అనే రెండేళ్ల డిప్లొమా చేసినవారే చిన్న పట్టణాల్లో పిల్లల ఆసుపత్రులు నడిపేవారు. అప్పటి నిబంధనల ప్రకారం డిప్లొమాతో వైద్య కళాశాలలో అధ్యాపకులు కాలేరు కాబట్టి, బోధకుల కొరత తీర్చడానికి 2018 తరువాత కళాశాలల్లోని డిప్లొమా సీట్లను డిగ్రీ సీట్లుగా మార్చే పని మొదలైంది. కళాశాలల వైపు నుంచి చూస్తే అది సబబే. అయితే తాలూకా పట్టణంలో స్థిరపడే ఉద్దేశంతో చదివే మనిషికి ఏడాది చదువు పెరిగింది, ఎండీ చేతిలో ఉన్నాక నగరం తలుపులూ తెరుచుకున్నాయి. జాతీయ పరీక్షల బోర్డు 2020 నుంచి జిల్లా ఆసుపత్రుల స్థాయిలో రెండేళ్ల డిప్లొమాలను మళ్లీ ప్రారంభించడానికి కారణం ఈ లోటే. సరిహద్దు జిల్లాలకు పనికొచ్చే మార్పుల్లో, నా దృష్టిలో, తక్కువ చప్పుడుతో వచ్చిన పెద్ద మార్పు ఇది.

పెద్దల మందు సగం చేస్తే పిల్లల మందు కాదు

ఎంబీబీఎస్‌ డాక్టరు చూడలేరా, ప్రత్యేకంగా పిల్లల వైద్యులు ఎందుకు అని అడిగేవారికి మలేరియా ఉదాహరణ చాలు. మహారాష్ట్ర మలేరియా కేసుల్లో పెద్ద వాటా గడ్చిరోలిదే. ఒడిశా మారుమూల ప్రాంతాల కోసం ఆ ప్రభుత్వం ‘దమన్‌’ పేరుతో ప్రత్యేక కార్యక్రమమే నడుపుతోంది. తీవ్రమైన మలేరియాతో స్పృహ తప్పిన రోగికి ఆర్టిసునేట్‌ ఇంజెక్షన్‌ ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం దాని మోతాదు పెద్దలకు కిలోకు 2.4 మిల్లీగ్రాములు, 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు. కిలో చొప్పున చూస్తే పిల్లలకే ఎక్కువ పడుతుంది, ఎందుకంటే వారి శరీరం ఆ మందును వేగంగా బయటికి పంపేస్తుంది. 12 కిలోల బిడ్డకు సరైన మోతాదు 36 మిల్లీగ్రాములు. పెద్దల లెక్క వేస్తే 28.8 దగ్గర ఆగిపోతుంది, ‘చిన్నపిల్లే కదా’ అని ఇంకాస్త తగ్గిస్తే మందు పనిచేయాల్సిన స్థాయికే చేరదు. అదే బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్‌ వస్తుంటే, మలేరియా మెదడుకు ఎక్కిందని అనుకుని చక్కెర చూడకుండా వదిలేయడం ఇంకో పొరపాటు.

అయితే ఈ ఉదాహరణను తిరగేసి కూడా చూడవచ్చు. ఆ మోతాదు పట్టికను గోడకు అంటించి, బిడ్డను తూచి, చక్కెర చూసి, మందు ఎక్కించడం నేర్పితే నర్సు కూడా ఆ పని చేయగలరు. నిపుణులు ఎక్కడ తప్పనిసరి, వారు నేర్పిన పద్ధతి ఎక్కడ చాలు అన్నదే ఈ విషయంలో అసలు వివాదం.

వారానికి 168 గంటలు, డాక్టరుకు 48

ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. వెయ్యి మందికి ఏడాదికి 20 జననాలు అనుకుంటే ఆ కేంద్రం పరిధిలో 1,600 మంది పుడతారు. పుట్టిన వెంటనే ఊపిరి అందుకోవడానికి ఏదో ఒక సాయం అవసరమయ్యే పిల్లలు దాదాపు పదిలో ఒకరని వైద్యులు లెక్కవేస్తారు. అంటే ఏడాదికి సుమారు 160 మంది. ఆ సాయం అందాల్సింది మొదటి నిమిషంలో.

ఆ కేంద్రంలో పిల్లల వైద్యులు ఒకరు ఉన్నారనుకుందాం, నిజాయతీగా వారానికి 48 గంటలు ఆసుపత్రిలోనే ఉంటారనుకుందాం. వారానికి ఉన్నవి 168 గంటలు. కాన్పులు రాత్రీ పగలూ చూసుకుని రావు కాబట్టి, ఆ 160 మందిలో దాదాపు 114 మంది ఆ వైద్యులు లేని వేళల్లోనే పుడతారు. క్వార్టర్‌ పక్కనే ఉన్నా, ఫోన్‌ ఎత్తి పరుగున వచ్చినా, మొదటి నిమిషం దాటిపోతుంది. ఎప్పుడూ ఒకరు ఉండాలంటే, సెలవులూ శిక్షణలూ కలుపుకుని కనీసం నలుగురు కావాలి. తాలూకా స్థాయిలో నలుగురు పిల్లల వైద్యులు ఒకేచోట ఉండే రోజు దగ్గరలో లేదు.

కాబట్టి ఆ నిమిషంలో బిడ్డ పక్కన నిలబడేది స్టాఫ్‌ నర్సు. ముసుగూ సంచీ (బ్యాగ్‌ అండ్‌ మాస్క్‌) పట్టుకుని గాలి ఎక్కించడం, మెడ ఎంత వంచాలో తెలియడం, ముసుగు అంచు నుంచి గాలి పోతోందా లేదా అన్నది ఛాతీ లేవడాన్ని బట్టి గుర్తించడం ఆమెకు రావాలి. 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం నేర్పేది ఇదే. రెండు రోజుల శిక్షణతో వచ్చిన ఈ నేర్పు నెలల తరబడి వాడకపోతే చేతి నుంచి జారిపోతుంది. పల్లె ప్రాంతంలో పనిచేసే పిల్లల వైద్యుల విలువ వారు చూసిన ఓపీ చీటీల సంఖ్యలో కంటే, బొమ్మ మీద నర్సులతో వారం వారం సాధన చేయించడంలో ఎక్కువ ఉంటుంది. నెలవారీ నివేదికలో ఓపీ సంఖ్య రాయడానికి గడి ఉంటుంది. సాధనకు ఉండదు.

ఇక్కడ మూడు ఏర్పాట్ల మధ్య తేడా తెలుసుకోవాలి. కాన్పు జరిగే ప్రతిచోటా ఉండాల్సింది నవజాత శిశు సంరక్షణ మూల, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే ఒక వార్మరు, ఊపిరి అందించే సామగ్రి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఉండేది బిడ్డ పరిస్థితిని నిలకడకు తెచ్చే నాలుగు పడకల స్థిరీకరణ విభాగం. జిల్లా ఆసుపత్రిలో ఉండేది ఎస్‌ఎన్‌సీయూ, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల కోసం కనీసం 12 పడకలతో రాత్రింబవళ్లు నడిచే విభాగం. వార్తల్లో ఈ మూడింటికీ ‘శిశు ఐసీయూ’ అని ఒకే పేరు పెట్టేస్తారు. ‘ఐసీయూ ఉండీ బిడ్డను పక్క ఊరికి పంపేశారు’ అనే కోపంలో కొంత ఈ గందరగోళం నుంచి వచ్చిందే.

గడ్చిరోలి పల్లెల్లో తేలిన సంగతి

పిల్లల మరణాలు తగ్గించడానికి పిల్లల వైద్యులే కావాలా అనే ప్రశ్నకు దేశంలో అందరూ ఎత్తిచూపే సమాధానం ఈ జిల్లాలోనే పుట్టింది. అభయ్‌ బంగ్‌, రాణీ బంగ్‌ దంపతులు స్థాపించిన ‘సెర్చ్‌’ సంస్థ 1993 నుంచి గడ్చిరోలిలోని 39 గ్రామాల్లో నవజాత శిశువులను లెక్కించడం మొదలుపెట్టి, మరో 47 గ్రామాలతో పోల్చి చూసింది. ఊళ్లోనే ఉండే, కొద్దిపాటి చదువుకున్న స్త్రీలకు బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందించడం, రక్తంలో ఇన్ఫెక్షన్‌ చేరిన లక్షణాలు గుర్తించి జెంటామైసిన్‌ ఇంజెక్షన్‌ ఇవ్వడం దాకా నేర్పారు. ఆ గ్రామాల్లో వెయ్యి జననాలకు 62గా ఉన్న నవజాత మరణాలు 1998 నాటికి 25.5కు తగ్గాయి. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వచ్చాయి. ఇద్దరూ పిల్లల వైద్యులు కారు: అభయ్‌ బంగ్‌ జనరల్‌ మెడిసిన్‌ వైద్యులు, రాణీ బంగ్‌ స్త్రీల వైద్యులు.

2011లో దేశమంతటా వచ్చిన ఇంటి వద్ద నవజాత సంరక్షణ పథకానికి మూలం ఇదే. ఆసుపత్రిలో కాన్పయితే ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డను చూస్తారు, ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్తారు. అన్నీ పూర్తి చేస్తే ఆమెకు మొదట్లో నిర్ణయించిన మొత్తం 250 రూపాయలు.

దీన్ని బట్టి ‘నిపుణులు అక్కరలేదు’ అని తేల్చేవారు ఒక వైపు ఉన్నారు. ఎదుటి వాదన కూడా గట్టిదే. గడ్చిరోలి ప్రయోగంలో కార్యకర్తల వెనుక వారిని దగ్గరుండి సరిచూసే వైద్యుల బృందం ఉంది, జాతీయ పథకంలో ఆ పర్యవేక్షణ అన్నిచోట్లా లేదు. ఇంజెక్షన్‌ బాధ్యతను ప్రభుత్వం ఆశలకు ఇవ్వలేదు, 2014లో గ్రామాల్లో పనిచేసే నర్సులైన ఏఎన్‌ఎంలకు ఇచ్చింది. పైగా వెయ్యికి అరవై మంది చనిపోయే చోట వెచ్చదనం, శుభ్రత, తల్లిపాలు, ఒక యాంటీబయాటిక్‌తో చాలామందిని కాపాడవచ్చు. మరణాలు ఇరవైకి దిగాక మిగిలేది నెలలు నిండని పిల్లలు, గుండె లోపాలు, తీవ్రమైన కామెర్లు. వాటికి మళ్లీ నిపుణులూ పరికరాలూ కావాలి. రెండు వాదనలూ ఎదురెదురుగా కనిపించినా, ఒకే ప్రయాణంలోని రెండు దశల గురించి మాట్లాడుతున్నాయి.

బిడ్డ రోడ్డు వెంట పోతుంది, కాగితం రాష్ట్రం వెంట పోతుంది

సరిహద్దులో ఇంకో ముడి పడుతుంది. సిరొంచలో 34 వారాలకే 1,600 గ్రాముల బిడ్డ పుట్టి, మూలుగుతూ ఊపిరి తీస్తోందనుకుందాం. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు, అదీ ఆలాపల్లి అడవి రోడ్డు మీదుగా. ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల, గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్‌ అంతకంటే దగ్గర. అక్కడ మాట్లాడే భాషా ఇంటి భాషే, చుట్టాలూ అక్కడే. తెలుగు కుటుంబాలు నది దాటడం సహజం. ఒడిశా వైపున్న పర్లాకిమిడి సంగతీ అంతే. 1936 ఏప్రిల్‌ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఆ జమీందారీ రెండుగా చీలింది. పక్కనే పాతపట్నం, దాని వెనుక శ్రీకాకుళం ఉండగా, సొంత రాష్ట్రపు పెద్దాసుపత్రి అయిన బ్రహ్మపురం ఎంకేసీజీ వైద్య కళాశాలకు వెళ్లాలంటే అంతకు దాదాపు రెట్టింపు ప్రయాణం.

రిఫరల్‌ చీటీ, అంబులెన్సు, పథకం డబ్బు మాత్రం రాష్ట్రం గీసిన గీత లోపల తిరుగుతాయి. ఉచిత అంబులెన్సు సాధారణంగా సొంత రాష్ట్రపు పై ఆసుపత్రికే తీసుకెళ్తుంది. రాష్ట్ర పథకాల కార్డు పక్క రాష్ట్రంలో దానంతట చెల్లదు, కేంద్రం నడిపే ఆయుష్మాన్‌ భారత్‌ కార్డుకు ఆ వెసులుబాటు ఉంది. ఒడిశా ఆ పథకంలో చేరింది 2025లోనే. కుటుంబం ప్రైవేటు జీపు మాట్లాడుకుని నది దాటితే ప్రయాణం దగ్గరవుతుంది గానీ దారిలో చూసే మనిషి ఉండరు.

ఈ ప్రయాణంలో దూరం కంటే చలి ఎక్కువ ప్రమాదం. తడి ఆరని, టోపీ లేని 1,600 గ్రాముల బిడ్డ గంటలోపే చల్లబడుతుంది, చల్లబడితే చక్కెర పడిపోతుంది, చక్కెర పడితే ఊపిరి తగ్గుతుంది. తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనించి పైన దుప్పటి కప్పడం వార్మరుకు దీటైన ఏర్పాటు. జరిగేదేమిటంటే, బాలింతను ‘కాన్పయిన ఒళ్లు, కదలొద్దు’ అని మంచం మీదే ఉంచి, నాయనమ్మ బిడ్డను చీరలో చుట్టుకుని బండెక్కుతుంది. బిడ్డకు వెచ్చదనమూ పోతుంది, పాలూ పోతాయి. తల్లిని కూడా అదే బండిలో పంపించాలన్న ఒక్క నిర్ణయాన్ని నర్సులకు అలవాటు చేయడం, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో తెలుసుకోవడానికి నది అవతలి వైద్యులకు ముందే ఫోన్‌ చేయడం సరిహద్దులో పనిచేసే పిల్లల వైద్యుల దైనందిన పని. రెండో పనికి ఏ ఉత్తర్వూ లేదు, ఫోన్లోని పరిచయాలే ఆధారం. ఆ వైద్యులు బదిలీ అయితే ఆ నంబర్లూ వారితోనే వెళ్లిపోతాయి.

తిరుగు దారిలోనూ ఇదే తంతు. వరంగల్‌లో పదిరోజులుండి ఇంటికి చేరిన బిడ్డ గురించి సిరొంచలోని ఆశకు సమాచారం దానంతట అది రాదు. ఇవతలి తల్లీబిడ్డల కార్డు మరాఠీలో ఉంటుంది, అవతలి డిశ్చార్జి చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, తల్లి చదవగలిగేది, బడికి పోయి ఉంటే, బహుశా తెలుగు. కళ్ల పరీక్షకూ వినికిడి పరీక్షకూ ఎప్పుడు రావాలో రాసిన గీతలు ఆ చీటీలోనే మిగిలిపోతాయి. నెలలు నిండని బిడ్డకు కంటి తెర పరీక్ష కొన్ని వారాల్లోపే జరగాలి. గడువు దాటితే చూపు పోవచ్చు.

మల్కన్‌గిరి 2016: పుస్తకంలోని జబ్బు, పొలం గట్టు మీది జబ్బు

2016 శరదృతువులో మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. మొదట అందరూ మెదడువాపు అన్నారు. వరిపొలాలూ పందులూ దోమలూ ఉన్న చోట జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌ను అనుమానించడం తప్పు కాదు, కొందరిలో ఆ వైరస్‌ బయటపడింది కూడా. మిగిలిన చాలామంది పిల్లల్లో జ్వరం పెద్దగా లేకుండానే వాంతులు, మత్తు, ఫిట్స్‌ వచ్చి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయింది. వైరస్‌ నిపుణులు, పిల్లల వైద్యులు అయిన టి. జాకబ్‌ జాన్‌ నేతృత్వంలోని బృందం అక్కడికి వెళ్లి, ఊళ్ల చుట్టూ పెరిగే కసివింద గింజలను పిల్లలు తినడం ఒక ముఖ్య కారణమని తేల్చింది.

ఆ నిర్ధారణకు దారి అంతకు దశాబ్దం ముందే పడింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా ఇలాంటి మరణాలే జరుగుతుండగా, బిజ్నోర్‌ పట్టణంలో ప్రాక్టీసు చేసే పిల్లల వైద్యులు విపిన్‌ వశిష్ఠ, జాకబ్‌ జాన్‌తో కలిసి, అవి మెదడువాపు కావని, కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతినే విషప్రభావమని 2007లో ప్రచురించారు. ఏటా అదే ఋతువులో, అదే పేద ఇళ్ల నుంచి, అదే వయసు పిల్లలు వస్తున్నారని గమనించడానికి ఒకేచోట కొన్నేళ్లపాటు కూర్చున్న వైద్యులు కావాలి. ఏడాది తప్పనిసరి సేవ బాండు మీద వచ్చి వెళ్లే వారికి ఆ వరస కనిపించదు. పరికరాలతో, శిక్షణతో భర్తీ చేయలేని పని ఏదైనా ఉందంటే అది ఇదే అనిపిస్తుంది.

బాండు, అదనపు జీతం, మార్కులు, తోడు

వైద్యులను రప్పించడానికి ప్రభుత్వాలు వాడుతున్న మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది బాండు. మహారాష్ట్రలో ప్రభుత్వ కళాశాలలో చదివినవారు ఏడాది ప్రభుత్వ సేవ చేయాలి, లేదా జరిమానా కట్టాలి. ప్రజాధనంతో చదివినవారు కొంత తిరిగి ఇవ్వాలన్నది ఒక వాదన. నర్సులతో పరిచయం కుదిరేలోపు మనిషి మారిపోతుంటే వ్యవస్థ నిలబడదన్నది ఎదుటి వాదన. రెండోది అదనపు జీతం. ఒడిశా తన ఆసుపత్రులను 2015లో వీ0 నుంచి వీ4 దాకా కష్టాన్ని బట్టి విభజించి, అన్నిటికంటే కష్టమైన చోట్ల ఎక్కువ ప్రోత్సాహకం ఇస్తోంది. డబ్బు మనుషులను రప్పిస్తుంది గానీ, పిల్లల బడి, భార్య లేదా భర్త ఉద్యోగం అనే ప్రశ్నల దగ్గర అది ఆగిపోతుందని అనుభవజ్ఞులు చెబుతారు.

కొందరు తోడు కోసం ప్రభుత్వం బయట దారి వెతికారు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌ దగ్గరి గనియారిలో ‘జన్‌ స్వాస్థ్య సహయోగ్‌’ను నడిపినవారు ఢిల్లీ ఎయిమ్స్‌ నుంచి ఒక జట్టుగా వచ్చిన వైద్యులు. అందులో యోగేష్‌ జైన్‌ చదివింది పిల్లల వైద్యం. ఒంటరిగా ఒక నిపుణుణ్ణి అడవిలో నిలబెట్టడం కంటే, మత్తు ఇచ్చేవారు, కాన్పు చేసేవారు, పిల్లల్ని చూసేవారు కలిసి ఉంటేనే ఎవరి చదువైనా పనికొస్తుందన్నది వారి ఉదాహరణ చెప్పేది. అలాంటి జట్లు కోరినంతమాత్రాన పుట్టవు, అందుకే దీన్ని విధానంగా మార్చడం కష్టం.

ప్రభుత్వాలు వాడే మూడో మార్గం పీజీ ప్రవేశంలో వాటా, మార్కులు. మారుమూల సేవ చేసిన ప్రభుత్వ వైద్యులకు ఏడాదికి 10 శాతం చొప్పున 30 శాతం దాకా అదనపు మార్కులు ఇవ్వవచ్చు. సర్వీసులో ఉన్నవారికి రాష్ట్రాలు సీట్లు కూడా కేటాయించవచ్చని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ మార్గంలో వచ్చేవారికి ఊరు తెలుసు, మాండలికం తెలుసు, ఆశల పేర్లు తెలుసు. చిక్కు చదువు పూర్తయ్యాక వస్తుంది. ఎండీ పట్టాతో తిరిగొచ్చిన ఆ వైద్యులను జిల్లా అధికారి ఎక్కడ వేయాలి? పాత తాలూకాలో వేస్తే 48 గంటల లెక్క మళ్లీ మొదలవుతుంది, జిల్లా ఎస్‌ఎన్‌సీయూలో మూడో మనిషి లేక రాత్రి డ్యూటీ ఆగిపోతుంది. ఎస్‌ఎన్‌సీయూలో వేస్తే, మారుమూల సేవ పేరు మీద సీటు సంపాదించిన మనిషి ఆ మారుమూలకు తిరిగి చేరరు, సిరొంచ బిడ్డ 200 కిలోమీటర్లు వారి దగ్గరికే రావాలి. చాలా జిల్లాలు రెండోదాన్నే ఎంచుకుంటాయి. వారానికో రోజు తాలూకాకు వెళ్లి నర్సులతో సాధన చేయించాలన్న షరతును ఆ పోస్టింగు ఉత్తర్వులోనే రాయడం మధ్యేమార్గం. అప్పుడు ఆ రోజు ఎస్‌ఎన్‌సీయూను ఎవరు చూస్తారన్నది జిల్లా అధికారి ముందున్న తరువాతి ప్రశ్న.